వాట్సాప్‌లో వచ్చిన మసక బోర్డుని వెక్టర్‌గా గీసుకోవడం: ఫొటో నుంచి ప్లాటర్ దాకా

"అన్నా, మా బోర్డు ఫొటో పంపించా చూడు. అవే అక్షరాలు కావాలి. పది అడుగులకి చేసిపెట్టు."

డిజైనింగ్ పని చేసేవాళ్ళకి ఈ మెసేజ్ కొత్త కాదు. తెరిచి చూస్తే ఎనిమిది వందల పిక్సెళ్ళ ఫొటో. ఒక మూల కరెంటు తీగ అడ్డం, ఇంకో మూల ఎండ మెరుపు. నాకు ఈసారి వచ్చింది ఒక మిఠాయి కొట్టు బోర్డు. పసుపు మీద ఎర్రటి అక్షరాలు, బ్రష్షుతో చేత్తో రాసినవి. రాసిన ఆర్టిస్టు ఇప్పుడు లేడు, ఆ రాతకి ఫాంటూ లేదు. కొట్టు పేరు ఇక్కడ చెప్పను గానీ 'రం'తో మొదలవుతుంది. ఈ పనంతా చూపించడానికి ఆ ఒక్క అక్షరం చాలు.

నేను ఇక్కడ వాడేది ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ ప్రోగ్రాం. ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. 2003లో సోడిపోడి అనే ప్రోగ్రాం నుంచి విడిపోయి పుట్టింది, 1.0 వెర్షన్ 2020లో వచ్చింది. మన ఊళ్ళలో ఫ్లెక్స్ షాపుల్లో ఎక్కువగా ఉండేది కోరల్ డ్రా కాబట్టి తేడా ఉన్నచోట అదీ చెబుతాను. గీసే పద్ధతి మాత్రం ఎందులోనైనా ఒకటే.

పది అడుగుల లెక్క

ఫొటోనే సాగదీసి ప్రింటు వేస్తే ఏమవుతుందో ముందు లెక్క వేసుకుందాం. పది అడుగులంటే 3,048 మిల్లీమీటర్లు. దాన్ని 800 పిక్సెళ్ళకి పంచితే ఒక్కో పిక్సెల్ 3.8 మిల్లీమీటర్ల గడి అవుతుంది, అంటే ఇంచుమించు కందిగింజంత. దీనికి తోడు జేపీజీ ఫైలు బొమ్మని 8×8 పిక్సెళ్ళ గళ్ళుగా విడగొట్టి కుదిస్తుంది. అక్షరం అంచుల చుట్టూ దోమలు ముసిరినట్టు కనిపించే మసక ఆ కుదింపు నుంచి వచ్చేదే. పది అడుగుల బోర్డు మీద ఆ గడి ఒక్కోటి మూడు సెంటీమీటర్లు ఉంటుంది. రోడ్డు అవతలి నుంచి కూడా కనబడుతుంది.

వెక్టర్‌లో పిక్సెళ్ళు ఉండవు. ఇక్కడో పాయింటు, అక్కడో పాయింటు, మధ్యలో వంపు ఎటు తిరగాలో చెప్పే రెండు హ్యాండిళ్ళు, అంతే. ఈ వంపుల్ని బెజియే కర్వులంటారు. కార్ల బాడీలు గీయడానికి ఫ్రాన్సులో పుట్టాయి. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లోనే ఈ లెక్క కట్టినా కంపెనీ దాన్ని గుట్టుగా ఉంచింది. రెనోలో పియెర్ బెజియే బయటికి తెచ్చాడు కాబట్టి ఆయన పేరే నిలిచింది. కారు డోరు కోసం పుట్టిన వంపు మన 'ర'కి ఇంత చక్కగా అమరడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. గుండ్రటి రాత మనది కదా.

మౌస్ పట్టకముందు

మొదట, అసలు ట్రేస్ చేయాల్సిన, అంటే ఫొటో మీద నుంచి గీసుకోవాల్సిన అవసరం ఉందా? ఆ అక్షరాలు ఏదైనా ఫాంటువైతే ట్రేస్ చేయడం దండగ. పాత కరపత్రాలూ పెళ్ళికార్డులూ చాలావరకు 'అను' అనే పేరున్న పాత రకం ఫాంట్లలో చేసినవే. కొత్తవి అయితే రామభద్ర, మండలి, ధూర్జటి, గిడుగు, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకే అక్షరం రెండుచోట్ల వచ్చినప్పుడు రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయా చూడండి. ఉంటే అది ఫాంటే. వెతికి పట్టుకుని టైపు చేసి, పాత్‌గా (వెక్టర్ గీతగా) మార్చుకోండి. ఐదు నిమిషాల పని.

రెండోది, ఇంతకంటే మంచి ఫొటో అడగండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు వస్తుంది. ఈ ఒక్క ముక్క చెప్పినందుకు నాకు 800 పిక్సెళ్ళ ఫొటో బదులు 4,000 పిక్సెళ్ళది వచ్చింది. ఫొటో తీసేవాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పండి: బోర్డు కిందికి వెళ్ళి తలెత్తి తీయొద్దు. రోడ్డు అవతలికి వెళ్ళి, ఎదురుగా నిలబడి, జూమ్ చేసి తీయాలి. కింద నుంచి తీస్తే పై అంచు కుంచించుకుపోయి అక్షరాలన్నీ వెనక్కి వాలినట్టు పడతాయి.

మూడోది, ఆ గుర్తు ఎవరిది? సొంత కొట్టు బోర్డుని గీయించుకుంటే పేచీ లేదు. పక్క ఊళ్ళో పేరున్న కొట్టు లోగో తెచ్చి "ఇలాగే చేయన్నా" అంటే నేను మర్యాదగా తప్పుకుంటాను.

ఇంకోటి, మనిషి ఫొటోనో దేవుడి పటాన్నో ట్రేస్ చేయమంటే వద్దని చెప్పండి. చర్మం మీద నీడలు వెక్టర్ చేస్తే ముఖం మీద మ్యాపులు గీసినట్టు ఉంటుంది. ఫొటోని ఫొటోగానే ప్రింటు వేయాలి.

ఫొటోని దారికి తేవడం

ఈ ముక్క గింప్ అనే ఉచిత ఫొటో ప్రోగ్రాంలో చేసుకోవచ్చు, ఫోటోషాప్ ఉంటే అందులో. ముందు వాలు సరిచేయాలి. గింప్‌లో షిఫ్ట్+పి నొక్కితే పర్‌స్పెక్టివ్ టూల్ వస్తుంది. బోర్డు ఫ్రేము నాలుగు మూలలూ నిలువు, అడ్డం గీతలకి సరిపోయేలా లాగండి. అక్షరాలు చూసి సరిచేయకండి, ఫ్రేము చూసి చేయండి. చేతిరాత కొంచెం వాలి ఉండొచ్చు, ఫ్రేము వాలదు.

తర్వాత రంగు. కంప్యూటర్ తేడా పట్టేది ఎక్కువగా వెలుతురుని బట్టి. పసుపు మీద ఎరుపు మన కంటికి బాగా తెలుస్తుంది గానీ ఎండపడి వెలిసిపోయిన బోర్డులో రెండూ దగ్గరదగ్గర బూడిదరంగుగా దిగుతాయి. దీనికో చిన్న ఉపాయం ఉంది. కలర్స్ మెనూలో కాంపోనెంట్స్, అందులో డీకంపోజ్ నొక్కి ఆర్‌జీబీ ఎంచుకుంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్ళు మూడు పొరలుగా విడిపోతాయి. పసుపులో ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఉంటాయి, ఎరుపులో ఆకుపచ్చ ఉండదు. అందుకని ఆకుపచ్చ చానెల్‌లో బోర్డు తెల్లగా, అక్షరాలు నల్లగా విడిపోతాయి. ఆకుపచ్చ బోర్డు మీద ఎర్ర అక్షరాలైతే ఎరుపు చానెల్ చూడండి, అక్కడ అక్షరాలే తెల్లగా వస్తాయి, నలుపు తెలుపుల్ని తిరగేసుకుంటే సరి.

ఆటో ట్రేస్ చేయాలనుకుంటే, అంటే కంప్యూటర్ చేతే గీయించాలనుకుంటే, ఇంకో మూడు పనులు. బొమ్మని నాలుగింతలు పెద్దది చేసి, కొద్దిగా గాసియన్ బ్లర్ ఇచ్చి, అప్పుడు థ్రెషోల్డ్‌తో నలుపు తెలుపు చేయండి. మసక బొమ్మని ఇంకా మసక చేయడమేంటని అనిపిస్తుంది. జేపీజీ దోమలన్నీ ఆ బ్లర్‌లో కరిగిపోయి, థ్రెషోల్డ్ కొట్టగానే అంచు నున్నగా నిలబడుతుంది. చేత్తో గీసేవాళ్ళకి ఇదేమీ అక్కర్లేదు, కంటికి అంచు తెలిస్తే చాలు.

ఆటో ట్రేస్: ఎంతవరకు

ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్+ఐ నొక్కి ఫొటో తెచ్చుకోండి. ఎంబెడ్ చేయాలా, లింక్ చేయాలా అని అడుగుతుంది. ఎంబెడ్ అనండి. లింక్ చేస్తే ఫైలు ఇంకో కంప్యూటర్‌కి పంపినప్పుడు బొమ్మ మాయమవుతుంది. ఫొటోని ఎంచుకుని షిఫ్ట్+ఆల్ట్+బి నొక్కితే ట్రేస్ బిట్‌మ్యాప్ పలక తెరుచుకుంటుంది.

సింగిల్ స్కాన్‌లో బ్రైట్‌నెస్ కటాఫ్ ఎంచుకోండి. థ్రెషోల్డ్ మామూలుగా 0.450 ఉంటుంది. పెంచితే అక్షరం లావవుతుంది, తగ్గిస్తే సన్నబడుతుంది. కింద మూడు మీటలు ఉంటాయి. స్పెకిల్స్ అంటే దుమ్ము, ఎన్ని పిక్సెళ్ళ లోపు మచ్చల్ని వదిలేయాలో అక్కడ చెప్పాలి. స్మూత్ కార్నర్స్ సున్నాకి తెస్తే అంతా కోణాలే, చివరిదాకా లాగితే ఒక్క కోణమూ మిగలదు. తలకట్టు కొన ఉన్న రాతకి నేను 0.8 దగ్గర ఆగుతాను. ఆప్టిమైజ్ పెంచితే పక్కపక్క ముక్కలు కలిసిపోయి నోడ్లు (పాయింట్లకి ఇక్కడి పేరు) తగ్గుతాయి. అప్లై కొట్టండి.

ట్రేస్ అయిన బొమ్మ సరిగ్గా ఫొటో పైనే కూర్చుంటుంది. ఏమీ జరగలేదేమో అనుకుని మళ్ళీ మళ్ళీ అప్లై కొట్టి, ఒకదాని మీద ఒకటి ఆరు బొమ్మలు పేర్చినవాళ్ళని చూశాను. పైదాన్ని పక్కకి లాగి చూడండి.

రంగుల కార్టూన్ లాంటిదైతే మల్టిపుల్ స్కాన్స్‌లో కలర్స్ తీసుకుని, బొమ్మలో కంటికి ఎన్ని రంగులు కనిపిస్తే అన్ని స్కాన్లు ఇవ్వండి. స్టాక్ టిక్కు ఉంటే రంగులు ఒకదాని కింద ఒకటి పరుచుకుంటాయి, మధ్యలో తెల్ల గీతలు పడవు. కోరల్‌లో ఇదే పని బిట్‌మ్యాప్స్ మెనూలో అవుట్‌లైన్ ట్రేస్ కింద ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో ఇమేజ్ ట్రేస్, అక్కడ ఆఖర్న ఎక్స్‌పాండ్ కొట్టడం మరిచిపోకండి.

ఇంక్‌స్కేప్ లోపల ఈ నలుపు తెలుపు పని చేసేది పోట్రేస్ అనే ప్రోగ్రాం, పీటర్ సెలింగర్ 2001లో రాశాడు. చేసే పని నిజాయితీగా చేస్తుంది. కాకపోతే దానికి 'ర' తెలియదు. నలుపు ఎక్కడ ఆగింది, తెలుపు ఎక్కడ మొదలైంది, అంతే తెలుసు. పెచ్చులూడిన పెయింటు, అక్షరానికి అడ్డం పడ్డ కరెంటు తీగ, రాతలోని ఒంపు దానికి మూడూ ఒకటే. మూడింటినీ శ్రద్ధగా గీసిపెడుతుంది.

మొదట్లో నేనూ ఆటో ట్రేస్ చేసినదాన్ని అలాగే స్టిక్కర్ కటింగ్‌కి తీసుకెళ్ళాను. ఏడు అక్షరాలకి రెండు వేల చిల్లర నోడ్లు. ప్లాటర్ (స్టిక్కర్ కోసే మిషన్) బ్లేడు ప్రతి నోడు దగ్గరా తడబడుతూ, వినైల్‌ని (స్టిక్కర్ షీటుని) చీరుకుంటూ వెళ్ళింది. ఆపరేటర్ మిషన్ ఆపి స్క్రీన్ మీద జూమ్ చేసి చూసి అన్నాడు: "ఏందన్నా ఇది, అక్షరానికి చెమటకాయలు లేచినట్టున్నాయి?" ఆ మీటరు వినైల్ డబ్బులు నేనే ఇచ్చుకున్నాను.

అప్పట్నుంచి నా లెక్క ఇది. స్టాంపు, సంతకం, నలిగిన అచ్చు లాంటి గరుకు అందం కావాలనుకున్న బొమ్మలకి ఆటో ట్రేస్ వాడతాను. బోర్డు మీద అక్షరాలకి మాత్రం చేత్తోనే గీస్తాను. ఏడు అక్షరాలకి అలవాటైన చేతికి గంట, కొత్తవాళ్ళకి ఒక మధ్యాహ్నం పడుతుంది.

బల్ల సర్దుకోవడం

ఫొటో ఉన్న లేయర్‌ని (పొరని) సగం పారదర్శకంగా చేసి తాళం వేయండి. లేయర్ల పలక షిఫ్ట్+కంట్రోల్+ఎల్‌తో తెరుచుకుంటుంది. దాని పైన కొత్త లేయర్ పెట్టి పేరు 'గీత' అని పెట్టుకోండి. తాళం వేయకపోతే పదో నిమిషంలో ఫొటో కదిలిపోయి, ఏ గీత ఎక్కడిదో తెలియక తల పట్టుకుంటారు.

ఫిల్ అండ్ స్ట్రోక్ పలక, షిఫ్ట్+కంట్రోల్+ఎఫ్, తెరిచి ఫిల్ (లోపల నింపే రంగు) తీసేయండి. స్ట్రోక్‌కి (అంచు గీతకి) ఫొటోలో ఎక్కడా లేని రంగు పెట్టండి. పసుపు ఎరుపు బోర్డు మీద నీలం బాగా తెలుస్తుంది.

తర్వాత రూలర్ మీద నుంచి గైడ్లు లాగండి. ఇంగ్లీషు ట్యుటోరియళ్ళలో బేస్‌లైన్, క్యాప్ హైట్ అని చెప్పేవి మన రాతకి అమరవు. తెలుగుకి నేను పెట్టుకునేవి నాలుగు గీతలు: అక్షరం ఒళ్ళు ఆనే అడుగు గీత, ఒంటి పై గీత, తలకట్టు కొస తాకే గీత, వత్తులు దిగే కింది గీత. చేయి తిరిగిన ఆర్టిస్టు రాసినదైతే సుద్దతో గీత కొట్టుకునే రాసి ఉంటాడు కాబట్టి ఇవి చక్కగా దొరుకుతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: గుండ్రటి ఒళ్ళు అడుగు గీత కిందికి ఒక వెంట్రుకవాసి దిగే ఉంటుంది. అది తప్పు కాదు. సరిగ్గా గీత మీద ఆపితే గుండ్రటిది చిన్నగా కనబడుతుందని రాసేవాళ్ళకి చేతి అలవాటులోనే తెలుసు. మీరు దాన్ని దిద్దబోకండి.

సున్నాతో మొదలు

'రం'లో ముందు సున్నా గీద్దాం. తెలుగు అక్షరాలకి కావాల్సిన పనితనమంతా అందులోనే ఉంది.

బి నొక్కితే పెన్ టూల్ వస్తుంది. క్లిక్ చేసి వదిలితే కోణం, క్లిక్ చేసి లాగితే వంపు. కొత్తవాళ్ళు ఇక్కడే దారి తప్పుతారు. అంచు వెంబడి చీమ నడిచినట్టు పది పదిహేను క్లిక్కులు కొట్టుకుంటూ పోతారు. సున్నాకి కావాల్సింది నాలుగే: శిఖరం, కుడి చివర, అడుగు, ఎడమ చివర. గుండ్రం ఎక్కడ దిశ మార్చుకుంటుందో అక్కడే పాయింటు.

శిఖరం దగ్గర క్లిక్ చేసి, కంట్రోల్ పట్టుకుని కుడివైపు అడ్డంగా లాగండి. కంట్రోల్ పట్టుకుంటే హ్యాండిల్ 15 డిగ్రీల మెట్ల మీదే కదులుతుంది కాబట్టి తిన్నగా అడ్డంగా నిలుస్తుంది. తర్వాత కుడి చివర క్లిక్ చేసి నిలువుగా కిందికి లాగండి. అడుగున క్లిక్ చేసి ఎడమకి. ఎడమ చివర క్లిక్ చేసి పైకి. మళ్ళీ మొదటి పాయింటు మీద క్లిక్ చేసి లాగితే చుట్టు మూసుకుంటుంది. మధ్యలో తప్పు పడితే బ్యాక్‌స్పేస్ ఆఖరి పాయింటుని తీసేస్తుంది.

ఎంత లాగాలి? నిఖార్సైన గుండ్రానికి హ్యాండిల్ పొడవు వ్యాసార్ధంలో 0.55 వంతు. సున్నా వెడల్పు 100 మిల్లీమీటర్లయితే వ్యాసార్ధం 50, హ్యాండిల్ 27, 28 మధ్య. కొలవక్కర్లేదు, సగానికి ఒక పిసరు ఎక్కువ అని కన్ను అలవాటు చేసుకుంటే చాలు. ఈ నాలుగు పాయింట్లతో వచ్చే గుండ్రానికీ, అసలు వృత్తానికీ తేడా వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు. హ్యాండిల్ తగ్గితే సున్నా కోణాలు తేలిన పతంగిలా తయారవుతుంది, పెరిగితే మూలలు ఉబ్బిన దిండులా అవుతుంది. ఏ తప్పు జరిగిందో బొమ్మే చెప్పేస్తుంది.

మొదటిసారి గీత అంచు మీద అచ్చంగా కూర్చోదు. కూర్చోవాలని చూడకండి కూడా. నాలుగు పాయింట్లూ పెట్టేసి, ఎన్ నొక్కి నోడ్ టూల్‌తో హ్యాండిళ్ళని సవరించండి. ఇక్కడ ఒక నియమం: వంపు అతకకపోతే ముందు హ్యాండిల్ జరపండి, తర్వాత పాయింటు జరపండి, రెండూ అయ్యాకే కొత్త పాయింటు పెట్టండి. నూటికి తొంభైసార్లు మూడోదాకా రానక్కర్లేదు.

లోపలి ఖాళీకి ఇదే పద్ధతిలో ఇంకో చుట్టు గీయాలి. బయటి చుట్టుని కుదించి వాడేద్దామనిపిస్తుంది గానీ కుదరదు. చదును బ్రష్షుతో రాసిన సున్నాలో గోడలు ఒకే మందం ఉండవు. మా బోర్డులో పక్కలు లావు, అడుగు సన్నం, లోపలి ఖాళీ కొంచెం కోడిగుడ్డులా ఒరిగి ఉంది. ఆ ఒరుగుడే ఆ ఆర్టిస్టు చెయ్యి. గీశాక రెండు చుట్లూ ఎంచుకుని కంట్రోల్+మైనస్ నొక్కితే పైనున్న చిన్నది కిందదాన్ని తొలిచేస్తుంది. ఎనిమిది నోడ్లతో సున్నా అయిపోయింది. ఇదే సున్నాకి ఆటో ట్రేస్ నాకు తొంభై పెట్టింది.

'ర' ఒళ్ళు, తలకట్టు

'ర' ఒళ్ళు సున్నాకి దగ్గర చుట్టమే. మా బోర్డులో శిఖరం దగ్గర లోపలికి కాస్త నొక్కుకుని ఉంది, తలకట్టు అక్కడ ఆనాలి కదా. కాబట్టి శిఖరంలో ఒక పాయింటు బదులు మూడు: ఎడమ భుజం, మధ్యలో నొక్కు, కుడి భుజం. భుజాల హ్యాండిళ్ళు అడ్డంగానే ఉండాలి. నొక్కు దగ్గర మీ ఫొటోలో వంపు ఉందా, కోణం ఉందా చూసుకోండి. కోణమైతే ఆ నోడుని ఎంచుకుని షిఫ్ట్+సి, నున్నటి వంపైతే షిఫ్ట్+ఎస్.

తలకట్టుని ఒంటితో కలిపి ఒకే చుట్టుగా గీయకండి. ఆర్టిస్టు ఒళ్ళు రాసి బ్రష్షెత్తి, తలకట్టు విడిగా కొట్టాడు. మీరూ విడిగానే గీయండి, ఒంటిలోకి కొంచెం చొచ్చుకెళ్ళేలా. అతుకు దగ్గర లెక్కలు తర్వాత యూనియన్ (రెండు ఆకారాల్ని ఒకటి చేసే కమాండ్) చూసుకుంటుంది.

తలకట్టులో మాత్రం తొందరపడకండి. చిన్నదే గానీ రాతకి ముఖకవళిక అదే. దగ్గరకెళ్ళి చూస్తే ఎడమ నుంచి చిన్నగా దిగి, అడుగున చురుగ్గా మలుపు తిరిగి, కుడివైపు పొడుగ్గా లేస్తుంది. లేచేటప్పుడు బ్రష్షు నిదానంగా పైకెత్తడం వల్ల కొస సన్నబడుతుంది. మలుపు దగ్గర కోణం నోడు, కొస దగ్గర కోణం నోడు, లేచే గీత రెండు అంచులకీ సన్నటి వంపు. ఆ వంపుకి మధ్యలో పాయింటు అక్కర్లేదు, రెండు చివర్ల నుంచి హ్యాండిళ్ళు కొద్దిగా లాగితే చాలు. నాకు మొత్తం ఆరు నోడ్లతో వచ్చింది. గీస్తున్నప్పుడు వంపు వెంటనే కోణం కావాలంటే, లాగుతూ ఉండగా షిఫ్ట్ పట్టుకోండి, ముందు హ్యాండిల్ ఒక్కటే తిరుగుతుంది.

ఒక తలకట్టు గీశాక దాన్నే కాపీ చేసి అన్ని అక్షరాల మీదా పెట్టేద్దామన్న ఆలోచన రాకుండా ఉండదు. నేనూ పెట్టాను ఒకసారి. పని తొందరగా అయింది, కొట్టు ముసలాయన చూసి, "బాగుంది గానీ ఇది మాది కాదబ్బాయ్" అన్నాడు. ఎందుకో ఆయన చెప్పలేకపోయాడు. ఫొటో పక్కన పెట్టి చూస్తే తెలిసింది: బోర్డు మీద నాలుగు తలకట్లు నాలుగు రకాలు, ఆఖరిది చోటు చాలక పొట్టిగా లేచింది. కాపీ చేసినప్పుడు అది ఫాంటైపోయింది. మళ్ళీ కూర్చుని నాలుగూ విడివిడిగా గీశాను.

అలాగని పెచ్చులూడిన చోటు కూడా గీయమని కాదు. ఆర్టిస్టు చేయి చేసినది ఉంచాలి, ఎండావానా చేసినది తీసేయాలి. తీగ అడ్డం పడ్డచోట అంచు రెండు వైపులా ఎలా వస్తోందో చూసి, ఒకే వంపుతో దాటేయండి. పాయింట్లు తక్కువ పెట్టుకున్నందుకు ఇక్కడ లాభం, వంపు దానంతటదే ఆ చోటుని పూడ్చుకుంటుంది.

రాత అంతా ఒకే మందంతో ఉంటే, స్కెచ్ పెన్నుతో రాసినట్టు, రెండు అంచులూ గీయక్కర్లేదు. గీత నడుమ వెంబడి ఒకే పాత్ గీసి, స్ట్రోక్ మందం ఇచ్చి, కొసలు గుండ్రం చేయండి. అక్షరం సరిగ్గా వచ్చిందనుకున్నాక కంట్రోల్+ఆల్ట్+సి నొక్కితే స్ట్రోక్ కాస్తా ఆకారంగా మారుతుంది. కోరల్‌లో దీనికి కంట్రోల్+షిఫ్ట్+క్యూ.

తప్పులు పట్టుకోవడం

అన్నీ గీశాక ఫొటో లేయర్ కన్ను మూసేసి, అక్షరాలకి నలుపు నింపి, స్ట్రోక్ తీసేయండి. నీలం గీతగా ఉన్నప్పుడు కనబడని వంకరలు నలుపులో బయటపడతాయి. తర్వాత అన్నీ ఎంచుకుని హెచ్ నొక్కండి, బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. చదవడానికి రాదు కాబట్టి కన్ను ఆకారాన్నే చూస్తుంది, ఎక్కడ పొట్ట ఉబ్బిందో, ఎక్కడ నడుం నొక్కుకుందో ఇట్టే తెలుస్తుంది. సరిచేసుకుని మళ్ళీ హెచ్.

ఒక్కో అక్షరాన్ని సెలెక్ట్ చేస్తే కింద స్టేటస్ బార్‌లో ఎన్ని నోడ్లో చూపిస్తుంది. 'ర'కి ఇరవై దాటితే ఎక్కడో అనవసరంగా పెట్టారన్నమాట. నోడ్ టూల్‌లో అనుమానం ఉన్న నోడుని ఎంచుకుని డిలీట్ కొట్టండి. ఇంక్‌స్కేప్ వీలైనంతవరకు ఆకారాన్ని నిలబెట్టే తీసేస్తుంది. ఏమీ మారకపోతే ఆ నోడు దండగే. మారితే కంట్రోల్+జెడ్.

ఆటో ట్రేస్ చేసినదాన్ని బాగుచేసుకునేవాళ్ళకి సింప్లిఫై ఉంది, కంట్రోల్+ఎల్. ఒకసారి కొట్టి ఆగి చూడండి. వెంటవెంటనే నొక్కితే ప్రతిసారీ మరింత గట్టిగా పనిచేస్తుంది, నాలుగో దెబ్బకి తలకట్టు సబ్బు ముక్కలా అరిగిపోతుంది.

షాపుకి పంపేముందు

అక్షరం ఒంటినీ తలకట్టునీ కలిపి ఎంచుకుని కంట్రోల్+ప్లస్, అంటే యూనియన్. ఫ్లెక్స్ ప్రింటుకైతే ఇది మరిచిపోయినా నడిచిపోతుంది. ప్లాటర్‌కి నడవదు. బ్లేడుకి రంగు కనబడదు, గీత ఒక్కటే కనబడుతుంది. తలకట్టు ఒంటిలోకి చొచ్చుకెళ్ళినచోట కూడా కోసేస్తుంది, స్టిక్కర్ పీకేటప్పుడు తలకట్టు ఊడి చేతిలోకి వస్తుంది. స్ట్రోకులు మిగిలి ఉంటే వాటి మందాన్నీ బ్లేడు పట్టించుకోదు, మధ్య గీత వెంబడి కోసుకుపోతుంది. అందుకే అన్నీ ఆకారాలుగా మార్చాకే పంపాలి. వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్ కింద అవుట్‌లైన్ చూపుకి వెళ్ళండి. బ్లేడు వెళ్ళే దారి మీకు అక్కడ కనిపిస్తుంది. రెండు గీతలు ఎక్కడైనా దాటుకుంటుంటే యూనియన్ మిగిలిపోయినట్టే.

కొలత మిల్లీమీటర్లలో ఇవ్వండి, పై పట్టీలో తాళం గుర్తు వేసి వెడల్పు మారిస్తే ఎత్తు దానంతటదే మారుతుంది. ఫొటో లేయర్‌ని తీసేసిన ఒక కాపీ పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. తీసేయకుండా పంపితే ఫైలులో జేపీజీ అలాగే దాక్కుని వెళ్తుంది, ఒక్కోసారి అదే ప్రింటవుతుంది కూడా. కోరల్ ఉన్న షాపుకి పీడీఎఫ్ సరిపోతుంది. కటింగ్‌కి కొందరు డీఎక్స్ఎఫ్ రకం ఫైలు అడుగుతారు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అద్దం లోపలివైపు నుంచి అంటించే స్టిక్కరైతే తిరగేసి కోయాలన్న సంగతి ఆపరేటర్‌కి నోటితో కూడా చెప్పండి. ఫైలులో రాసినది ఎవరూ చదవరు.

ఫొటో లేయర్‌తో ఉన్న అసలు ఎస్‌వీజీని (ఇంక్‌స్కేప్ ఫైలుని) మాత్రం చెరపకండి. బోర్డు ఎక్కిన నెలకే మిఠాయి కొట్టు అబ్బాయి మళ్ళీ ఫోన్ చేశాడు: "అన్నా, స్వీటు డబ్బా మీదకి కూడా అదే పేరు కావాలి." డబ్బా మీద పేరు నాలుగు సెంటీమీటర్లు. పది అడుగుల్లో ముచ్చటగా ఉన్న తలకట్టు కొసలు ఆ కొలతలో అచ్చుకే అందవు, సున్నా లోపలి ఖాళీ ఇంకుతో పూడిపోతుంది. అందుకని దానికి విడిగా ఒక కాపీ తీసి, కొసలు కొంచెం మొద్దు చేసి, సున్నాల లోపలి చుట్లు కాస్త పెద్దవి చేశాను. అక్షరానికి పది పదిహేను నోడ్లే కదా, టీ చల్లారేలోపు అయిపోయింది.